కొత్త ఆల్బమ్‌కి జవాబు పాత ఆల్బమ్‌లోనే ఉంటుంది

2024 నవంబర్‌లో స్వీడన్ బ్యాండు ఓపెత్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' విడుదల చేసింది. విశాఖలో మెటల్ వినేవాళ్లు ఉన్నదే కొద్దిమంది. ఆ కొద్దిమందీ రెండు జట్లయ్యారు. పాడే మనిషి మైకేల్ ఓకర్‌ఫెల్ట్, 2008 నాటి 'వాటర్‌షెడ్' తరవాత మళ్లీ ఇప్పుడే ఓపెత్ ఆల్బమ్‌లో గ్రౌల్ చేశాడు. గ్రౌల్ అంటే మెటల్‌లో వినిపించే ఆ బొంగురు గర్జన. మధ్యలో, 2011 నుంచి, వచ్చిన నాలుగు ఆల్బమ్‌లూ మామూలు గొంతుతోనే నడిచాయి. సిరిపురం జంక్షన్ దగ్గర టీ తాగుతూ ఓ కుర్రాడు నన్నడిగాడు: "ఏటన్నా, 2011లో గొంతు మార్సినప్పుడు డబ్బుల కోసమే అన్నారు. ఇప్పుడు పాత గొంతుకొచ్చినా డబ్బుల కోసమే అంటన్నారు. మరి ఆడేటి సెయ్యాల?"

అడగాల్సిన ప్రశ్నే. వదిలి వెళ్లినా, తిరిగి వచ్చినా ఒకటే నింద వేస్తే ఆ నిందకు అర్థం లేదు. "శైలి మార్చేశారు" అని ఒక్క మాటలో తేల్చేసినప్పుడు మనం నాలుగైదు వేరువేరు సంగతుల్ని ఒకే మూటగా కట్టేస్తున్నాం. గొంతు మారడం ఒకటి, గిటార్ల ట్యూనింగ్, అంటే తీగల శ్రుతి, మారడం ఇంకొకటి. పాట వేగం, పాట కట్టిన తీరు, రికార్డు చేసిన పద్ధతి, ఇవన్నీ దేనికది వేరు. ఒక్కోటి ఒక్కో కారణంతో మారుతుంది. ఆ కారణం ఎక్కువసార్లు మార్కెట్‌లో కాదు, అంతకుముందు ఆల్బమ్‌లో దొరుకుతుంది. అక్కడ వాళ్లు ఎంత దూరం వెళ్లారో, ఎక్కడ దారి మూసుకుపోయిందో వింటే, తరవాత ఎటు తిరిగారో దానంతటదే అర్థమవుతుంది.

అందరికీ తెలిసిన మెటాలికాతో మొదలుపెడదాం. 1988లో వచ్చిన '... అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో 9 పాటలు, మొత్తం 65 నిమిషాలు. టైటిల్ పాట ఒక్కటే పది నిమిషాలకు కొంచెం తక్కువ. ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వస్తుంది, అది ఇంకో తాళంలోకి మారుతుంది, మళ్లీ మొదటిది వస్తుంది, అంతలో మరో మలుపు. ఎప్పుడు ఏం వస్తుందో గుర్తుపెట్టుకోవడానికే వాయించేవాళ్లకు బుర్ర సరిపోదు. పైగా ఆ రికార్డింగ్‌లో బేస్ గిటార్ దాదాపు వినపడదు. 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాక అతని చోటులోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించిన మొదటి పూర్తి ఆల్బమ్ అది. అతను వాయించిందే పైకి రాలేదు. ఆ దారిలో ఇంకో అడుగు వెయ్యాలంటే పన్నెండు నిమిషాల పాటలు కట్టాలి, తాళాలు ఇంకా చిక్కగా అల్లాలి. వాళ్లు అటు వెళ్లలేదు.

1991 ఆగస్టులో వచ్చిన 'మెటాలికా', అదే మనం బ్లాక్ ఆల్బమ్ అనేది, 12 పాటలు, 62 నిమిషాలు. నిడివి దాదాపు అంతే, పాటలు మాత్రం మూడు పెరిగాయి. 'ఎంటర్ శాండ్‌మన్' వేగం నిమిషానికి దాదాపు 120 దెబ్బలు. ఒక్క రిఫ్ చుట్టూ పాట మొత్తం తిరుగుతుంది. 'సాడ్ బట్ ట్రూ'లో గిటార్లు ఒక పూర్తి స్వరం కిందికి దిగాయి. ప్రొడ్యూసర్ కూడా మారాడు: మోట్లీ క్రూ బ్యాండు ఆల్బమ్ 'డాక్టర్ ఫీల్‌గుడ్'లో బాబ్ రాక్ తెచ్చిన ఆ బరువైన శబ్దం నచ్చి అతన్ని పిలిచారు. అతను నలుగుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి కలిసి వాయించమన్నాడు. అంతకుముందు ఒక్కొక్కరూ విడివిడిగా రికార్డు చేసుకునేవారు. బ్లాక్ ఆల్బమ్‌లో బేస్ అంత గట్టిగా, గిటార్ కింద నేలలా వినిపించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి. జస్టిస్‌లో ఏది లేదో బ్లాక్ ఆల్బమ్‌లో అదే ముందుకొచ్చింది, జస్టిస్‌లో ఏది మరీ ఎక్కువైందో ఇక్కడ అది తగ్గింది. ఆల్బమ్ విపరీతంగా అమ్ముడైంది, నిజమే, మొదటి వారమే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో ఒకటో స్థానానికి వెళ్లింది. కానీ అమ్ముడవడం వేరు, అమ్ముడుపోవడం వేరు. అమ్మకాలు ఆల్బమ్ వచ్చాక జరిగినవి. ఆల్బమ్ ఇలా ఎందుకొచ్చిందో వాటిని చూసి చెప్పలేం.

వేగం తగ్గడానికి ఇంకో కారణం ఉంది. పాట రాసేవాడికి తెలియకపోయినా సౌండ్ చూసేవాడికి ఇట్టే తెలుస్తుంది. మన ఊళ్లో ఏ కాలేజీ ఫెస్ట్‌లోనైనా మెటల్ బ్యాండు వాయిస్తుంటే మిక్సర్ పక్కన నిలబడి చూడండి. నిమిషానికి 200 దెబ్బల వేగంలో డ్రమ్మర్ డబుల్ కిక్ వాయిస్తే, అంటే రెండు కాళ్లతో కిక్ డ్రమ్ తొక్కితే, ఒక్కో దెబ్బకాలంలో నాలుగు తొక్కుల చొప్పున, సెకనుకు 13 సార్లు పైన కిక్ డ్రమ్ మోగుతుంది. రిహార్సల్ గదిలో అది గుండెకు తగులుతుంది. అదే నాలుగు వైపులా సిమెంటు గోడలున్న ఆడిటోరియంలో ఒక దెబ్బ ప్రతిధ్వని చావకముందే పది దెబ్బలు దాని మీద పడతాయి. వెనక వరసలో కూర్చున్నవాడికి వినిపించేది ఎడతెగని ఒక హోరు మాత్రమే. అదే పాటను సగం వేగంలో, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంచి వాయిస్తే ప్రతి దెబ్బా విడిగా తగులుతుంది. క్లబ్బుల్లో పుట్టిన బ్యాండు స్టేడియంకు చేరేసరికి పాటలు నెమ్మదించడం వెనక ఈ భౌతికశాస్త్రం ఎంతో కొంత ఉందని నా నమ్మకం. పెద్ద చోట నెమ్మది రిఫ్ పెద్దదిగా వినిపిస్తుంది. చిన్న గదిలో వేగమే రాజు.

ట్యూనింగ్ సంగతీ ఇలాంటిదే. మెటల్ గిటార్ అంత కిందికి దిగడానికి మూలం ఒక ఫ్యాక్టరీ ప్రమాదం. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరివాళ్లం, మనకు ఈ కథ దగ్గరగా అనిపిస్తుంది. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ ఐయోమీ 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం వాడు, తీగల్ని నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ తొడుగులు తనే చేసుకుని వేళ్లకు పెట్టుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి కొన్ని పాటల్లో గిటారును ఒకటిన్నర స్వరం కిందికి దించాడు. లావు తీగ సాధారణంగా సెకనుకు 82 సార్లు కంపిస్తే ఇక్కడ 69 సార్లే. తీగ బిగువు కంపనాల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ కాస్త దించినందుకే బిగువు దాదాపు 30 శాతం పడిపోతుంది. తెగిన వేళ్లకు నొప్పి తగ్గింది, శబ్దానికి బరువు పెరిగింది. ఆ బరువు మీదే తరవాత డూమ్, స్లడ్జ్ లాంటి నెమ్మదైన మెటల్ శాఖలు లేచాయి.

ఇదే లెక్క మన ఊరి కుర్రాడి దగ్గర ఇంకో రూపంలో తేలుతుంది. తీగ వదులైతే మోత చెదురుతుంది, గిటారు మెడ మీది లోహపు పట్టీలకు (ఫ్రెట్‌లకు) కొట్టుకుంటుంది. కాబట్టి మామూలు 10-46 మందం తీగల సెట్ తీసేసి లావు తీగలు ఎక్కించాలి, మెడ వంపు సరిచేయించాలి, స్వరాలు సరిగ్గా పలుకుతున్నాయో లేదో మళ్లీ చూసుకోవాలి. పాటకీ పాటకీ మధ్య వేదిక మీద చేసే పని కాదు ఇది. పేరున్న బ్యాండు పక్కన నాలుగు గిటార్లు రెడీగా ఉంటాయి. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో రిహార్సల్ చేసే కుర్రాడికి ఉన్నది ఒక్క గిటారు. ఉప్పుగాలికి తుప్పు పట్టే తీగల్ని మార్చుకోవడమే వాడికి ఖర్చు. వాడు ట్యూనింగ్ మార్చాడంటే ఆ సాయంత్రం వాయించే పాటలన్నీ మారిపోవాల్సిందే. వాళ్ల బ్యాండు వేగమైన త్రాష్ వదిలి డూమ్‌లోకి వెళ్లిందని మనం అనుకుంటాం. అసలు సంగతి రెండో గిటారు లేకపోవడం కావచ్చు.

గొంతు విషయానికి వస్తే మనం మరీ కఠినంగా ఉంటాం. గ్రౌల్ చేసేటప్పుడు మాట్లాడేందుకు వాడే స్వరతంత్రులతో పాటు వాటి పైన ఉండే మడతలు కూడా కంపిస్తాయి. పొట్ట నుంచి ఊపిరి నెట్టి, గొంతు బిగించకుండా చేస్తే ఏళ్ల తరబడి చెయ్యొచ్చు. గొంతు నులిమి చేస్తే కొన్నాళ్లకే పాడవుతుంది. స్వీడన్‌దే ఇంకో బ్యాండు కటటోనియా. 1993లో తొలి ఆల్బమ్‌లో యోనాస్ రెంక్సే తనే అరిచి పాడాడు. తరవాత ఆ గొంతు చెయ్యలేకపోయాడు. 1996 నాటి 'బ్రేవ్ మర్డర్ డే'లో అరుపులన్నీ స్నేహితుడొచ్చి చేసిపెట్టాడు. ఆ స్నేహితుడు ఓపెత్ ఓకర్‌ఫెల్టే. 1998లో 'డిస్కరేజ్డ్ వన్స్' నుంచి రెంక్సే మెత్తగా, నీరసం ధ్వనించే మామూలు గొంతుతోనే ఆల్బమ్ మొత్తం పాడడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కటటోనియా అంటే జనానికి గుర్తొచ్చేది ఆ గొంతే. మన కచేరీల్లో గాయకుడు వయసు మీద పడి అర శ్రుతి దించుకుంటే రసికులు సర్దుకుని వింటారు, పైగా ఆ దించిన శ్రుతిలో కొత్త లోతు వెతుక్కుంటారు. మెటల్ పాడేవాడికీ ఉన్నది అదే కండ, అదే ఊపిరి. ఆ మర్యాద అతనికీ దక్కాలి.

ఓపెత్ విషయంలో గొంతు పాడవలేదు, అందుకే అది ఇంకా ఆసక్తికరం. వాళ్ల పాటల్లో గ్రౌల్ ఒక రంగు. దాని పక్కనే మామూలు గొంతు, అకూస్టిక్ గిటారు, పాత ప్రోగ్ రాక్ (మలుపులు తిరిగే పొడవాటి పాటల రాక్) వాసన ఎప్పుడూ ఉన్నాయి. 2002 నాటి 'డెలివరెన్స్'నూ, 2003 నాటి 'డామ్నేషన్'నూ ఒకే సమయంలో రికార్డు చేశారు. మొదటిది వాళ్ల బరువైన ఆల్బమ్‌లలో ఒకటి, రెండోదాంట్లో ఒక్క గర్జన కూడా లేదు. అంటే 2011లో 'హెరిటేజ్' వచ్చి గ్రౌల్ మాయమైందని మనం ఉలిక్కిపడ్డామే, ఆ సగం ఓపెత్ ఎనిమిదేళ్ల ముందే మన చేతిలో ఉంది.

'హెరిటేజ్' ముందు జరిగింది మరీ ముఖ్యం. ఓకర్‌ఫెల్ట్ మొదట 'వాటర్‌షెడ్' ధోరణిలోనే ఒకటి రెండు పాటలు రాశాడు. బేస్ వాయించే మార్టిన్ మెండెజ్ వాటిని విని, ఇదే దారిలో ఇంకో ఆల్బమ్ వస్తే తనకు నిరాశగా ఉంటుందన్నాడు. ఓకర్‌ఫెల్ట్‌కు కోపం రాలేదు, పైగా బరువు దిగినట్టయింది. రాసిన పాటలు పక్కన పడేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. అభిమానులేమో లేబుల్ ఒత్తిడి అనుకున్నారు. అసలు మాట వచ్చింది పక్కన నిలబడి వాయించేవాడి దగ్గర్నుంచి. వ్యాపార లెక్కన చూసినా ఇది లాభసాటి మలుపు కాదు. డెబ్బైల నాటి ప్రోగ్ రాక్‌ను 2011లో అమ్మి కోటీశ్వరుడవ్వాలని ఎవడూ అనుకోడు.

మరి 2024లో తిరిగి రావడం? అదీ ముందు ఆల్బమ్‌లను బట్టే. నాలుగు ఆల్బమ్‌ల్లో మామూలు గొంతుతో ఏమేం చెయ్యొచ్చో అన్నీ చేశాక, 2019 నాటి 'ఇన్ కాడా వెనెనమ్‌'ను స్వీడిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ రెండుసార్లు పాడాక, అతనికి ఒక కథ దొరికింది. మొదటి ప్రపంచయుద్ధం తరవాతి కాలం, ఒక సంపన్నుడు చనిపోతాడు, పిల్లల ముందు వీలునామా చదువుతారు, కుటుంబ రహస్యాలు బయటపడతాయి. మొదటి ఏడు పాటలకు పేర్లే లేవు, వీలునామాలో పేరాల్లా అంకెలు. చివరి పాటకు మాత్రమే పేరు ఉంది. జెత్రో టల్ అనే బ్యాండు నాయకుడు ఇయాన్ ఆండర్సన్ కథనం చెబుతూ ఫ్లూట్ వాయించాడు. 2022లో చేరిన కొత్త డ్రమ్మర్ వాల్టెరీ వైరునెన్ కుర్రాడు, చేతిలో వేగమూ బరువూ రెండూ ఉన్నవాడు. చచ్చిపోయినా ఇంట్లోవాళ్ల మీద పెత్తనం వదలని తండ్రి మాటకు ఆ గర్జన సరిపోయింది. నా లెక్కలో పాత ఓపెత్ గ్రౌల్‌కూ దీనికీ తేడా ఉంది. అప్పట్లో గ్రౌల్ పాటకు సహజ స్థితి, మామూలు గొంతు విరామం. ఇప్పుడు గ్రౌల్ ఒక పాత్ర మాట్లాడే గొంతు. కాబట్టి ఇది వెనక్కి రావడం కాదు. ఆ పదహారేళ్లు లేకపోతే ఈ ఆల్బమ్ ఇలా వచ్చేది కాదు. సిరిపురం కుర్రాడికి నేను ఇచ్చిన జవాబూ ఇదే. 2009లో మద్రాస్ ఐఐటీ సారంగ్ ఉత్సవంలో ఓపెత్ వాయించినప్పుడు రాత్రి రైలెక్కి వెళ్లినవాళ్లకు నచ్చిన ఆ బ్యాండు ఇదే బ్యాండు.

మరి డబ్బు కోసం మారినవాళ్లే లేరా? అలా అనిపించేవాళ్లు ఉన్నారు. స్విట్జర్లాండ్ బ్యాండు సెల్టిక్ ఫ్రాస్ట్ 1988లో 'కోల్డ్ లేక్' తెచ్చింది. అప్పటిదాకా చీకటి సంగీతం కట్టినవాళ్లు ఉన్నట్టుండి అప్పటి గ్లామ్ జుట్టుతో, ఆ పోకడతో వచ్చారు. నాయకుడు టామ్ గాబ్రియెల్ ఫిషర్ తరవాత ఆ ఆల్బమ్‌ను తనదనడానికే ఇష్టపడలేదు. దాన్ని వాళ్ల ముందు ఆల్బమ్ 'ఇన్‌టు ద పాండెమోనియమ్' పక్కన పెట్టి వినండి, తేడా చెవికే తెలుస్తుంది. ముందు ఆల్బమ్ లేవనెత్తిన ఒక్క ప్రశ్నకూ ఇందులో జవాబు లేదు. ఊళ్లో ఏది నడుస్తోందో దాని పోలిక మాత్రమే ఉంది. పారడైజ్ లాస్ట్ అనే బ్యాండు 1999లో 'హోస్ట్'తో గిటార్లు వెనక్కి నెట్టి ఎలక్ట్రానిక్ శబ్దంలోకి వెళ్లినప్పుడు కూడా ఇదే నింద పడింది. కానీ అంతకు రెండేళ్ల ముందు 'వన్ సెకండ్'లోనే ఆ కీబోర్డులు మొదలయ్యాయి, అది అటే వెళ్తున్న బండి. పాడే నిక్ హోమ్స్ 2014లో బ్లడ్‌బాత్ అనే వేరే బ్యాండులో మళ్లీ గ్రౌల్ చేసి, మరుసటి ఏడాది 'ద ప్లేగ్ వితిన్'లో సొంత బ్యాండుకు ఆ గొంతు తెచ్చాడు. జూడాస్ ప్రీస్ట్ 1986లో గిటార్ సింథసైజర్లతో 'టర్బో' చేసి, 1990లో కొత్త డ్రమ్మర్ స్కాట్ ట్రావిస్ రాకతో 'పెయిన్‌కిల్లర్' చేసింది. ఆ డ్రమ్స్ మొదటి పది సెకన్లు విన్నవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

మన ఊరికి పనికొచ్చే ఉదాహరణ నా దృష్టిలో వీటిలో ఏదీ కాదు, బ్రెజిల్ బ్యాండు సెపుల్తురా. 1991లో 'అరైజ్' నాటికి వాళ్లది పక్కా త్రాష్, డెత్ మెటల్ వేగం. 1993లో 'కేయాస్ ఏడీ'కి వేగం తగ్గింది. ఆ ఆల్బమ్‌లో 'కయోవాస్' అని ఒక వాద్య గీతం ఉంది, అకూస్టిక్ గిటార్లూ తోలు వాద్యాలూ తప్ప అందులో ఇంకేం లేవు. చాలామంది దాన్ని దాటేసి తరవాతి పాటకు వెళ్లిపోతారు. మూడేళ్ల తరవాత వచ్చిన 'రూట్స్' మొత్తానికీ విత్తనం అక్కడే ఉంది. 1996 నాటి ఆ ఆల్బమ్ కోసం వాళ్లు మాటో గ్రోసోలో షవాంటే తెగ దగ్గరికి వెళ్లి వాళ్ల పాటతో కలిసి రికార్డు చేశారు. కార్లిన్హోస్ బ్రౌన్ వచ్చి తాళవాద్యాలు వాయించాడు. గిటార్లు బాగా కిందికి దిగాయి, రిఫ్‌లో స్వరాలు తగ్గిపోయాయి.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. ఈ మధ్య ఉత్తరాంధ్ర వాద్యాల్ని మెటల్‌లో కలపాలన్న ఆలోచన మన కుర్రాళ్లలో గట్టిగానే వినిపిస్తోంది. ఢిల్లీ బ్యాండు బ్లడీవుడ్ 2022లో 'రక్షక్' ఆల్బమ్‌తో ఢోలును ప్రపంచం ముందుకు తీసుకెళ్లాక ఆ ఆశ పెరిగింది. తప్పెటగుళ్లు కావాలంటారు, జముకు కావాలంటారు. మంచిదే. మెటల్‌కి పోటీ ఇచ్చే ఊపు తప్పెటగుళ్లలో ఉంది: తప్పెట గుండెలకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ, కాలం (వేగం) పెంచుకుంటూ పోయే ఆట అది. కానీ ఇప్పటికే నిండిపోయిన పాటలో దాన్ని తెచ్చి పైన అతికిస్తే వినపడదు. తప్పెట మోత, గజ్జెల గలగల పడేది స్నేర్ డ్రమ్, సింబల్స్, గిటార్ కరుకుదనం కూర్చున్న చోటే. మూడూ గట్టిగా ఉంటే నాలుగోది మునిగిపోతుంది. మిక్సర్‌లో ఫేడర్ ఎంత పైకి తోసినా లాభం ఉండదు, గోల పెరుగుతుంది తప్ప తప్పెట తేలదు.

సెపుల్తురా ఆ చోటు ఖాళీ చేసింది. 'రూట్స్'లో గిటారు కింద ఉండిపోయి, రెండు మూడు స్వరాలతో సరిపెట్టుకుని, మధ్యలో డ్రమ్స్‌కు దారి వదిలింది. పాత అభిమానులు "రిఫ్‌లు పోయాయి" అని బాధపడింది కూడా ఆ చోటు గురించే. పోయాయి, నిజమే, ఇగోర్ కవలేరా డ్రమ్స్ మాట్లాడ్డానికి పోయాయి. ఆ ఏడాది చివర్లో పాడే మాక్స్ కవలేరా బ్యాండు వదిలి వెళ్లిపోయాడు, అది వేరే కథ.

కాబట్టి విశాఖలో ఏ బ్యాండైనా తరవాతి ఆల్బమ్‌లో తప్పెట పెట్టాలనుకుంటే ముందు తమ పాత పాటలు పెట్టుకుని వినాలి, ఏ వాద్యం ఎక్కడ కూర్చుందో రాసుకోవాలి. ఒక పాటలో సింబల్స్ పూర్తిగా ఆపి చూడొచ్చు. ఇంకో పాటలో వేగం 200 నుంచి 110కి దించి, ఆటగాళ్లు తమంతట తాము కాలం పెంచుకుంటూ రావడానికి వీలివ్వొచ్చు. క్లిక్ ట్రాక్ (చెవిలో టిక్ టిక్‌మని కాలం చెప్పే శబ్దం) పెట్టి వాళ్లను కట్టేస్తే ఆ ఊపు చచ్చిపోతుంది, అప్పుడు డ్రమ్మరే వాళ్లను చూస్తూ వాయించాలి. ఇద్దరు గిటారిస్టులున్న బ్యాండైతే, ఎవరు ఎంత తగ్గాలన్నది స్టూడియో బుక్ చెయ్యకముందే వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి తేల్చుకోవాలి.